మూడు పలుకులు, ఒక చుక్క

వాము పువ్వు అని పేరే గానీ అది పువ్వు కాదు. వాము గింజల నూనెలోంచి తీసిన తెల్లటి పలుకులు. పుదీనా పువ్వూ అంతే. సన్నటి గాజు సూదుల్లా ఉంటుంది, పొట్లం విప్పితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. మూడోది అందరికీ తెలిసిన ముద్దకర్పూరం. మా కరీంనగర్‌లో టవర్ సర్కిల్ వైపు వెళ్తే మూలికల దుకాణాల్లో ఈ మూడూ చిన్న చిన్న పొట్లాల్లో ఇస్తారు. మొన్న తలా పది గ్రాములు తెచ్చి, శుభ్రంగా తుడిచిన గాజు గిన్నెలో వేసి, కిటికీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను.

ముందు కర్పూరం, పుదీనా పువ్వు కలిపాను. గాజు పుల్లతో ఒకసారి తిప్పానో లేదో, పలుకుల అంచులు చెమర్చాయి. వాన వచ్చే ముందు ఉప్పు జాడీ చెమర్చినట్టు. తర్వాత వాము పువ్వు వేశాను. ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్న పలుకులు మెల్లగా కుంగాయి. గిన్నె అడుగున సన్నటి తడి పొర పట్టింది. ఆ తడిలో మిగిలినవి మునిగాయి. పది నిమిషాల్లో గిన్నెలో ఒక్క పలుకు లేదు. పొయ్యి వెలిగించలేదు, నీటి బొట్టు వేయలేదు. మూడు గట్టి వస్తువులు ఒకదాన్నొకటి తాకి, నీళ్లలా తేటగా, నూనెలా జారే ద్రవమై కూర్చున్నాయి. ఇది ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

విడివిడిగా చూస్తే ఇవి ఇంత తేలిగ్గా లొంగే రకం కాదు. కర్పూరం 175 డిగ్రీలు దాటితే గానీ కరగదు. వాము పువ్వుకు 50 డిగ్రీలు కావాలి. పుదీనా పువ్వు 42 దగ్గర కరుగుతుంది. మరి 30 డిగ్రీల గదిలో మూడూ ఎలా కరిగాయి? బతుకమ్మ పేర్చిన చేతులకు ఈ లెక్క వెంటనే అందుతుంది. ఒక వరుసకు ఒకటే పువ్వు పెడితే కాడలు బిగిసి వరుస నిలుస్తుంది. గునుగు, తంగేడు, బంతి ఒకే వరుసలో కలగలిపి కుక్కితే ఎక్కడికక్కడ సందులు పడి వరుస జారిపోతుంది. పలుకు అంటే కూడా ఒకే రకం అణువులు వరుస తప్పకుండా పేర్చుకున్న కట్టడమే. పక్కన వేరే అణువు వచ్చి చేరితే ఆ కట్టు నిలవదు. పైగా ఈ మూడింటికీ తమ రకం అణువుల్ని పట్టుకోవడం కంటే పక్క రకాన్ని పట్టుకోవడమే సులువు. అందుకే మంట లేకుండానే కరుగుతాయి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, దురదకీ చిన్నపాటి మంటకీ నొప్పికీ మన అలమారల్లో ఉండే మందులు చాలావాటి పనితనం ఈ గిన్నెలోనే ఉంది. ఎర్ర సీసాలోని చుక్క మందు మొదలుకొని ఆసుపత్రిలో సూది గుచ్చే ముందు పూసే ఖరీదైన క్రీము దాకా. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలా రోజులుగా ఉంది.

మందు ముందుగా దాటాల్సింది చర్మం. అరచేతులు, అరికాళ్లు తప్పిస్తే చర్మం పైపొర మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు అటూ ఇటూ. కాగితం కంటే పలచన. కానీ ఆ పలచటి పొరలో చచ్చిన కణాలు వరుసలు వరుసలుగా పేర్చి, మధ్య మధ్య కొవ్వు మెత్తి ఉంటుంది. నీళ్లను లోపలికి రానివ్వదు, లోపలి తడిని బయటికి పోనివ్వదు. గట్టి పలుకు తెచ్చి ఆ గోడ మీద ఎంత రుద్దినా గీతలు పడతాయి తప్ప మందు లోపలికి పోదు. ద్రవమై ఉండాలి, కొవ్వులో కలిసేదై ఉండాలి, చిన్న అణువై ఉండాలి. గిన్నెలోని తేట ద్రవానికి ఆ మూడు గుణాలూ ఉన్నాయి.

నేను చెప్పిన ఎర్ర సీసా జిందా తిలిస్మాత్. దాన్ని చూడని ఇల్లు ఉత్తర తెలంగాణలో అరుదు. హకీం మహ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ 1920లో హైదరాబాద్‌లో మొదలుపెట్టిన యునానీ మందు అది. ఆ పేరుకు సజీవమైన మాయ అని అర్థం. కార్ఖానా అంబర్‌పేటలో ఉంది. అప్పటికి కరీంనగర్, ఆదిలాబాద్ రెండూ నిజాం రాజ్యంలోని జిల్లాలే. తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండీ ఒకే అంగట్లో వినిపించే ప్రాంతం. అక్షరం రానివాళ్లే ఎక్కువ. పెట్టె మీద దిట్టమైన నల్లని సిపాయి బొమ్మ వేశారు. నిజాం కొలువులో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ల అశ్వదళం ఉండేది, వాళ్ల బలానికి గుర్తుగా ఆ బొమ్మ. ఏ భాషవాడైనా వేలు చూపించి అడగగలిగిన పేరు అది. మందు పనితనంలో సీసా, పెట్టె, బొమ్మ కూడా భాగమేనని నా అభిప్రాయం. చీకట్లో, దీపం వెలుతురులో, తేలు కుట్టి ఏడుస్తున్న పిల్లాడి పక్కన కూర్చున్న తల్లి చేయి పొరపాటు పడకూడదు కదా.

సీసాలో ఉన్నవి కొన్నే. ఎక్కువ పాలు నీలగిరి తైలం. దానిలో కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు. అంటే నా గిన్నెలోని ముగ్గురే. రంగుకు రతన్‌జోత్ వేరు. ఆ వేరును నీళ్లలో నానబెడితే చెప్పుకోదగ్గ రంగు రాదు, నూనెలో వేస్తే మాత్రం కాసేపట్లో ఎర్రగా దిగుతుంది. కశ్మీరు వంటల్లో మాంసం కూరకు ఎరుపు తెచ్చేదీ ఆ వేరే. నీళ్ల గ్లాసులో ఒక చుక్క వేసి చూడండి. మునగదు, కలవదు. ఎర్రటి పలచని రేకులా పైన తేలుతుంది. ఇది నీటి సరుకు కాదు, నూనె సరుకు అని కంటికి చూపించే గుర్తు ఆ రంగు.

నీలగిరి తైలం గురించి ఒక మాట. మన దగ్గర ఆ చెట్టును జామాయిల్ అంటారు. కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు పేరు చెప్పగానే జామాయిల్ తోటలు గుర్తొచ్చేవాళ్లు ఆదిలాబాద్‌లో చాలామంది ఉన్నారు. అయితే కాగితపు గుజ్జు కోసం మైదానాల్లో పెంచే రకం వేరు, మందు నూనెకు పేరుపడిన నీలగిరి కొండల రకం వేరు. రెండో దాని ఆకుల్లో మందుకు పనికొచ్చే ఘాటు నూనె మెండు. ఆ నూనె ఇక్కడ రెండు పనులు చేస్తుంది. మూడు పలుకుల్నీ కరిగించి పట్టుకుంటుంది. పూశాక తను ముందు లేచిపోతూ, చర్మం పైపొరలోని కొవ్వు కట్టును వదులు చేసి, వెనకున్నవాటికి దారి చేస్తుంది.

మా నాయినమ్మది జమ్మికుంట దగ్గరి పల్లె. పత్తి ఏరే రోజుల్లో ఆ సీసా ఆమె నడుముకు కట్టుకున్న సంచిలో ఉండేది. ఎండి పగిలిన పత్తికాయ మొనలు ముల్లులా ఉంటాయి. పొద్దుగూకే సరికి గోళ్ల చుట్టూ చర్మం లేచి, వేళ్లన్నీ సలుపుతుంటాయి. ఆ చీలిన చోట ఆమె ఎప్పుడూ మందు వేసేది కాదు. అక్కడ కొబ్బరి నూనె రాసేది. చుక్క మందు దేనికంటే చీమ కుట్టినా, దోమలు కరిచి దద్దులు లేచినా, బొంతపురుగు పడ్డా.

ఒకసారి మునగచెట్టు కింద నా భుజం మీద బొంతపురుగు పడింది. ఆ పురుగు నూగు చర్మంలో దిగితే వచ్చే గుల మామూలు గుల కాదు, గోకినకొద్దీ పాకుతుంది. నేను గోక్కోబోతుంటే నాయినమ్మ చేయి పట్టుకుంది. జొన్నపిండి తడిపి ముద్ద చేసి, భుజం మీద అద్ది, లేపి, అద్ది, లేపి, నూగంతా పిండికి అంటించి తీసేసింది. అప్పుడు గానీ సీసా మూత తీయలేదు. చూపుడువేలి కొన సీసా మూతికి ఆనించి ఒక్కసారి వంచింది. ఒక చుక్క. దాన్ని దద్దు చుట్టూ తిప్పి, మధ్యకు తెచ్చి, రుద్దకుండా అద్దింది. "జరసేపు ఓర్సుకో బిడ్డా, సల్లవడ్తది" అంది. ముందు సుర్రుమంది. ఊపిరి బిగబట్టి నాలుగంకెలు లెక్కపెట్టేలోపు ఆ సుర్రు చల్లదనంగా మారింది. గుల ఎటో పోయింది.

అది ఎటు పోయిందో ఇప్పుడు కొంత తెలుసు. నొప్పి పుడితే చేయి వెనక్కి లాక్కుంటాం. దురద పుడితే చేయి అక్కడికే పోతుంది. రెండింటి కబురూ సన్నటి నరాల మీదే నడుస్తుంది గానీ వాటికి మన జవాబు వేరు. చల్లదనానికి వేరే నరాలున్నాయి, వాటి కొనల్లో ఒక చిన్న తలుపు ఉంది. చర్మం 26 డిగ్రీలకు అటూ ఇటూ చల్లబడితే అది తెరుచుకుంటుంది. మామూలుగా చర్మం 32 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి మూసే ఉంటుంది. పుదీనా పువ్వు వెళ్లి ఆ తలుపుకు అతుక్కుంటే, ఆ 32 డిగ్రీల వెచ్చదనంలోనే అది తెరుచుకుంటుంది. చర్మం ఏమీ చల్లబడలేదు, మెదడుకు మాత్రం చల్లగా ఉందన్న కబురు అందింది. డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ ఇద్దరూ వేర్వేరు ప్రయోగశాలల్లో పుదీనా పువ్వునే పట్టుకుని 2002లో ఈ తలుపును కనిపెట్టారు. వేడిని, చలిని, తాకిడిని చర్మం ఎలా గుర్తుపడుతుందో తేల్చినందుకు ఇద్దరికీ 2021లో వైద్యశాస్త్ర నోబెల్ ఇచ్చారు. ఆ వార్త చదివిన రోజు నాకు జొన్నపిండి ముద్ద గుర్తొచ్చింది.

చల్లదనపు కబురు వెన్నుపాముకు చేరగానే అక్కడ దురద కబురును అణిచేసే కణాలు మేల్కొంటాయని ఎలుకల మీద చేసిన పరిశోధనల్లో తేలింది. కర్పూరం దారి వేరు. అది వేడిని పట్టే తలుపులను ముందు కొంచెం కదిపి, తర్వాత అలసిపోయేట్టు చేస్తుంది. నాయినమ్మ ఓర్చుకోమన్న ఆ నాలుగంకెల సుర్రు అదే. అంటే ఎర్ర సీసా నరాన్ని మొద్దుబార్చదు. నరం మాటాడుతూనే ఉంటుంది, మాట మారుతుంది. ఏడుస్తున్న పిల్లకు చందమామను చూపించినట్టు. ఇది తక్కువ రకం వైద్యమని నేననుకోను. చిన్న బాధకు చాలినంత మందు, అంతకు మించని మందు.

నిజంగా మొద్దుబార్చే మందు కథకు వేరే మొదలు ఉంది. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే కుర్ర డాక్టరు కంటిలో కొకెయిన్ చుక్కలు వేసి, నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయవచ్చని చూపించాడు. అలవాటు చేసే గుణం లేని మందు కోసం అప్పటి నుంచీ వెతుకులాట. 1930లలో స్వీడన్‌లో బార్లీ మొక్కలోని ఒక పదార్థం మీద పని చేస్తూ, ప్రయోగశాలలో తయారైన దాని దగ్గరి బంధువును హోల్గర్ ఎర్ట్‌మన్ నాలుక మీద వేసుకుని చూశాడు. నాలుక మొద్దుబారింది. అక్కలకర్ర నమిలినవాళ్లకు ఆ అనుభవం కొత్త కాదు, నాలుక జివ్వుమని తర్వాత తనది కానట్టు ఉంటుంది. ఎర్ట్‌మన్ దగ్గర పనిచేసిన నీల్స్ లోఫ్‌గ్రెన్ ఆ దారినే పట్టుకుని ఎన్నో రూపాలు మార్చి, బెంగ్ట్ లుండ్‌క్విస్ట్‌తో కలిసి 1943లో లిడోకెయిన్ తయారు చేశాడు. మన మందుల దుకాణాల్లో లిగ్నోకెయిన్ అనేది ఇదే. పళ్ల డాక్టరు చిగురులో ఇచ్చే ఇంజెక్షన్, పుండ్ల మీద పూసే జెల్లీ, మొలల మలాంలో మంట తగ్గించే సరుకు, చాలావాటిలో అదే ఉంటుంది.

దాని పనితనం రెండు అంగీల మనిషి పనితనం. ఆ అణువుకు రెండు రూపాలు. ఒకటి విద్యుదావేశం లేనిది, కొవ్వులో జారుతుంది. అదే నరం పైపొరను దాటి లోపలికి పోగలదు. లోపలికి పోయాక ఆవేశం తెచ్చుకుని రెండో అంగీ తొడుక్కుంటుంది. నరంలో కబురు నడవాలంటే సోడియం లోపలికి ఉరికే సందులు తెరుచుకోవాలి. ఈ రెండో రూపం లోపలి వైపు నుంచి వెళ్లి ఆ సందుకు అడ్డం పడుతుంది. కబురు అక్కడే ఆగిపోతుంది. కొంతసేపటికి నెత్తురు ఆ మందును మోసుకుపోతుంది, సందు తెరుచుకుంటుంది, నరం ఎప్పటిలా ఉంటుంది.

సెగగడ్డ మీద ఈ మందు సరిగా పనిచేయదని చాలామంది అంటారు, నిజమే. చీము పట్టిన చోట కండ పులిసి ఉంటుంది. ఆ పులుపులో అణువులు బయటే రెండో అంగీ తొడుక్కుంటాయి. లోపలికి పోయే రూపం మిగలదు. మందు మంచిదే, దారి మూసుకుంది.

ఇక మామూలు చర్మం మీద చిక్కు మళ్లీ ఆ గోడే. లిడోకెయిన్ పలుకులు 68 డిగ్రీల దగ్గర గానీ కరగవు. నూనెలో కరిగించి క్రీములా కలిపితే ఒక్కో నూనె బొట్టులో మందు ఐదో వంతుకు మించి పట్టదు, మిగతాదంతా ఉత్త నూనె. పలచటి మందు గోడను దాటలేదు. 1980ల మొదట్లో స్వీడన్‌లోని ఆస్ట్రా కంపెనీలో ఈ చిక్కు విప్పినవాళ్లు చేసిన పని తెలిశాక నేను చాలాసేపు ఊరికే కూర్చుండిపోయాను. వాళ్లు లిడోకెయిన్‌కు దాని చుట్టమైన ప్రిలోకెయిన్‌ను సరిసమానంగా కలిపారు. అదీ గట్టి పలుకే, 38 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రెండూ కలిస్తే 18 డిగ్రీలకే కరిగి నూనె అయిపోయాయి. మందును మోయడానికి వేరే నూనె అక్కర్లేదు. మందే నూనె. క్రీము మొత్తంలో మందు 5 శాతమే, గ్రాముకు ఒక్కోటి 25 మిల్లీగ్రాములు. కానీ క్రీములో తేలే ఒక్కో సన్నటి బొట్టును తీసి చూస్తే అందులో 80 శాతం మందే. తక్కువ మందుతో గోడకు ఆనే చోట అంత చిక్కదనం.

వాము పువ్వు, పుదీనా పువ్వు, కర్పూరం చేసిన పనే ఇది. మూలికల దుకాణం గిన్నెకూ స్వీడన్ ప్రయోగశాలకూ నడుమ చుట్టరికం ఏదీ లేదు. ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని నేననను. పదార్థం గుణాన్ని ఓపిగ్గా గమనించిన చేతులు రెండు చోట్లా ఒకే తలుపు తట్టాయి. నాకు దానికంటే గొప్ప సంగతి లేదు.

ఈ క్రీము మందంగా పూసి, పైన గాలి చొరని పలచటి ప్లాస్టిక్ కాగితం అతికించి, గంట ఆగాలి. గంటకు మూడు మిల్లీమీటర్ల లోతు దాకా మొద్దుబారుతుంది, రెండు గంటలకు ఐదు. పిల్లలకు సెలైన్ సూది పెట్టే ముందు ఆ గంట ఓపిక పట్టే ఆసుపత్రి దొరికితే ఆ పిల్లల అదృష్టం.

మలాం సంగతి చెప్పకపోతే ఈ మాట పూర్తికాదు. మలాం అనగానే తెలుగువాళ్లకు అమృతాంజనం. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టాడు. దాని రాబడితోనే ఆంధ్రపత్రిక, భారతి నడిచాయి. ఒక తలనొప్పి మందు ఒక భాష పత్రికలను పోషించింది. సీసాలోని చుక్కకూ డబ్బాలోని మలాంకూ తేడా మోసే సరుకులో ఉంది. చుక్క త్వరగా లేచిపోతుంది, వెంటనే పనిచేసి వెంటనే తగ్గుతుంది. మలాంలో మైనంలాంటి జిడ్డు మందును పట్టుకుని కొంచెం కొంచెంగా వదులుతుంది. రామగుండం, ఆదిలాబాద్ మే నెల ఎండ 45 దాటుతుంది. పుదీనా పువ్వు కరిగేది 42 దగ్గరే కదా. మా వైపు వేసవిలో రేకుల ఇంటి అలమారలో దాచిన ఉత్త పుదీనా పువ్వు తనంతట తనే నీరైపోతుంది. అంత వేడిలో కూడా వేలికి తీసుకోదగ్గంత బిగువుగా, చర్మం తాకితే పరుచుకునేంత మెత్తగా ఉండేట్టు జిడ్డూ మైనమూ పాళ్లు కుదర్చడం చిన్న విద్య కాదు.

ఇదే గుంపులో గులాబీ రంగు కాలమైన్ లోషనూ ఉంది. జింక్ ఆక్సైడ్‌లో చిటికెడు ఇనుప తుప్పు కలిస్తే వచ్చే రంగు అది. ఆటలమ్మ పోసిన పిల్లల ఒంటికి, చెమటకాయలకు దానికి మించిన నెమ్మదైన మందు లేదు.

ఈ మందుల్ని మెచ్చుకునేవాళ్లు వీటి హద్దులూ చెప్పాలి. కర్పూరం పసిపిల్లలకు ప్రమాదం. మింగితే మూర్ఛ వస్తుంది, చెంచాడు కూడా ఎక్కువే. రెండేళ్ల లోపు బిడ్డ ముక్కు దగ్గర కర్పూరం, పుదీనా పువ్వు ఉన్న ఏ మందూ పూయకూడదు, ఊపిరి పట్టేసే ప్రమాదం ఉంది. మొద్దుబార్చే క్రీములు ఒళ్లంతా పూయకూడదు, తెగిన చర్మం మీద, కాలిన చోట డాక్టరు చెప్పకుండా పూయకూడదు. చర్మం గోడ లేని చోట మందు నేరుగా నెత్తుట్లోకి పోతుంది. ప్రిలోకెయిన్, బెంజోకెయిన్ ఎక్కువైతే పసివాళ్ల నెత్తురు ప్రాణవాయువును మోయలేక పెదాలు నీలం తిరుగుతాయి. నాయినమ్మ పత్తి మొనలు చీల్చిన చోట కొబ్బరి నూనె రాసి ఊరుకోవడంలో ఎంత తెలివి ఉందో ఇదంతా చదివాక అర్థమైంది.

తామరకైతే ఇవేవీ పనికిరావు. నాకు ఒకసారి నడుము దగ్గర తామర వస్తే ఒక దుకాణంలో అడగ్గానే ఓ ట్యూబు చేతిలో పెట్టారు. రెండు రోజుల్లో దురద మాయం. నెల తిరిగేసరికి మచ్చ అరచేతి నుంచి జానెడు అయ్యింది. అందులో స్టెరాయిడ్ ఉందని చర్మం డాక్టరు చెప్పారు. దురదను అణిచింది, తామరకు మూలమైన బూజును పెంచింది. ఇలాంటి కలగలుపు క్రీముల వల్ల దేశమంతటా మందులకు లొంగని తామర పెరిగిందని చర్మ వైద్యులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. దురద పోవడం వేరు, రోగం పోవడం వేరు.

ఇంకొక మొద్దుబారడం ఉంది, మందు పూయకుండానే వచ్చేది. పాలిపోయిన మచ్చ, దురద లేదు, నొప్పి లేదు, తాకితే తెలియదు. అది కుష్టు గుర్తు. మా పక్కనే నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ డాక్టరమ్మ 1915లో కుష్టు రోగుల కోసం ఆసుపత్రి నిలబెట్టింది. ఆ జబ్బును గుర్తుపట్టడానికి పత్తి పోగుతో చేసే పరీక్ష ఒకటుంది. కళ్లు మూసుకోమని, పోగు కొనతో మచ్చను తాకి, తాకిన చోటు వేలితో చూపించమంటారు. చూపించలేకపోతే అనుమానించాలి. ఇప్పుడు దానికి పూర్తిగా నయం చేసే మందులు సర్కారు దవాఖానాల్లో ఉచితంగా ఇస్తారు. అలాంటి మచ్చ కనబడితే ఏ మలామూ పూయకుండా వెళ్లాలి.

ఆ పరీక్షే నా చేతి మీద చేసుకుందామనిపించింది. ఎడమ చేతికి గిన్నెలోని చుక్కను నాలుగింతల కొబ్బరి నూనెలో కలిపి పూశాను. కుడి చేతికి లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన క్రీము రూపాయి బిళ్లంత పూసి, ప్లాస్టిక్ కాగితం అతికించి, గంట గడిచాక తుడిచేశాను. జమ్మికుంట నుంచి తెచ్చిన పత్తిలోంచి ఒక పోగు మెలిపెట్టి, కళ్లు మూసుకుని, మా అమ్మాయి చేతికిచ్చాను.

ఎడమ చేతి మీద పోగు తాకిన ప్రతిసారీ తెలిసింది, చల్లగా తెలిసింది. కుట్టుసూది మొన మెల్లగా ఆనించినా తెలిసింది. ఇరవై నిమిషాలకు ఆ చల్లదనం పోయింది. కుడి చేతి మీద పోగు ఎక్కడో దూరంగా, అంగీ మీద తాకినట్టు లీలగా తెలిసింది. సూది ఆనించినప్పుడు ఏదో ఆనిందని తెలుసు గానీ చురుకు లేదు. "అమ్మా, ఇప్పుడు?" అని మా అమ్మాయి అడుగుతూనే ఉంది, నేను "ఆనింది, గుచ్చుకోలేదు" అంటూనే ఉన్నాను. అన్నం తిన్నాం, గిన్నెలు కడిగాం. మధ్య మధ్య పోగు, సూది, పోగు, సూది. గంటన్నర దాటాక పోగు ముందు స్పష్టంగా వచ్చింది. సూది చురుకు రావడానికి ఇంకో అరగంట పట్టింది.